జోజిలా కనుమ మీదికి స్టూవర్ట్ ట్యాంకు: టేబుల్ మీద కట్టి ఆడే పద్ధతి

టేబుల్ మీద బొమ్మ సైన్యాలతో యుద్ధాలాడే వార్‌గేమ్ వాళ్లు, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా తేలిక ట్యాంకు స్టూవర్ట్ గురించి అనే మాట ఒకటే: "ఇది దేనికీ పనికిరాదు." తీసుకెళ్లి జర్మన్ పాంథర్ ట్యాంకు ఎదురుగా నిలబెడితే నిజంగానే పనికిరాదు. 37 మిల్లీమీటర్ల గన్, దాదాపు 15 టన్నుల బరువు, లోపల నలుగురు మనుషులు. పాంథర్ ముందు పలకకి దీని గుండు తగిలితే రంగు ఊడుతుంది, అంతే. రెండు ఆటలు ఓడిపోయాక ట్యాంకు అటక ఎక్కుతుంది. నేను చెప్పబోయే ఆటలో అవతలివాడి దగ్గర ట్యాంకే ఉండదు. అసలు అక్కడికి ట్యాంకు రాగలదని వాడు కలలో కూడా అనుకోడు. 1948 నవంబర్ 1న జోజిలాలో జరిగింది అదే.

నేను రాజమండ్రిలో డెంటల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. పగలు పళ్ల సెట్లు, రాత్రి ట్యాంకులు. కాబట్టి నా పద్ధతుల్లో ప్లాస్టర్ పాలు కాస్త ఎక్కువే ఉంటుంది, సర్దుకోండి.

ముందు కథ. ఆట నియమాలన్నీ ఇందులోంచే వస్తాయి కాబట్టి దాటేయకండి.

జోజిలా శ్రీనగర్ నుంచి లద్దాఖ్ వెళ్లే దారిలో ఉన్న కనుమ, ఎత్తు దాదాపు 3,500 మీటర్లు. 1948లో పాకిస్తాన్ వైపు దళాలు దాన్ని పట్టుకుని కూర్చోవడంతో లేహ్‌కి నేల మీద దారి తెగిపోయింది. సెప్టెంబర్‌లో భారత సైన్యపు 77 పారా బ్రిగేడ్ పదాతి దళంతో కొట్టి చూసింది, కుదరలేదు. రెండు పక్కలా కొండ చరియలు, వాటిలో బంకర్లు, గుహలు, మెషిన్ గన్లు. అప్పుడు మేజర్ జనరల్ తిమ్మయ్య 7వ లైట్ కావల్రీ అనే ట్యాంకుల రెజిమెంట్ స్టూవర్ట్‌లను రప్పించాడు. ఆ రెజిమెంట్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ రాజిందర్ సింగ్, అందరూ 'స్పారో' అని పిలిచే మనిషి. ట్యాంకుల టరెట్లు, అంటే గన్‌తో తిరిగే పై భాగాలు, ఊడదీశారు, పైన టార్పాలిన్లు కప్పారు, శ్రీనగర్‌లో కర్ఫ్యూ పెట్టి దాటించారు. బలహీనమైన వంతెనల మీద వించ్‌లతో లాగారు. ఈలోపు సైన్యంలో దారులు, వంతెనలు కట్టే మద్రాస్ శాపర్స్ దళం రెండు ఫీల్డ్ కంపెనీలు, కనుమ కిందున్న బల్తాల్ పైన కంచర గాడిదలు నడిచే బాటని బండి నడిచే దారిగా చెక్కాయి. మన తెలుగు జిల్లాల నుంచి తరతరాలుగా కుర్రాళ్లు చేరుతున్న దళం అది. నా దృష్టిలో ఆ యుద్ధంలో సగం గెలుపు వాళ్లదే. అందుకే నా ఆటలో సగం వాళ్లకే ఇచ్చాను.

మంచు వల్ల దాడి వాయిదా పడుతూ వచ్చి చివరికి నవంబర్ 1న మొదలైంది. తిమ్మయ్య తనే ట్యాంకుల్లో ముందుకెళ్లాడు. బంకర్లను దగ్గరి నుంచి కొట్టుకుంటూ కనుమ అవతలి గుమ్రీ మైదానంలోకి దిగారు. కనుమ చేతికొచ్చింది. అదే నెలలో ద్రాస్, కార్గిల్ కూడా వచ్చి లేహ్‌తో దారి కలిసింది. స్పారోకి మహావీర్ చక్ర ఇచ్చారు. అప్పటికి అంత ఎత్తులో ట్యాంకులతో ఎవరూ యుద్ధం చేసి ఉండలేదు.

ఈ రెజిమెంట్‌కి స్టూవర్ట్ కొత్త కాదు. 1784లో మద్రాస్ సైన్యంలో గుర్రపు దళంగా పుట్టిన ఈ రెజిమెంట్ 1944లో ఇంఫాల్ దగ్గర జపాన్ వాళ్ల మీద స్టూవర్ట్‌లతోనే పోరాడింది. 1942లో బర్మా నుంచి వెనక్కి వస్తూ బ్రిటిష్ వాళ్లు చిండ్విన్ నది ఒడ్డున తమ స్టూవర్ట్‌లను తామే పాడుచేసుకున్నారు. నది దాటిన ఒకే ఒక్కటి, 'కర్స్ ఆఫ్ స్కాట్లాండ్' అనే ట్యాంకు, తర్వాత టరెట్ లేకుండా ఈ రెజిమెంట్‌లోనే పనిచేసింది. టరెట్ తీసేసిన స్టూవర్ట్‌తో వీళ్లకి పాత చుట్టరికమే మరి.

ట్యాంకు

1/72 స్కేల్, అంటే అసలు సైజులో 72వ వంతు బొమ్మ, తీసుకోండి. ట్యాంకు ఆరు, ఆరున్నర సెంటీమీటర్లు ఉంటుంది, కొండలు టేబుల్ మీద పడతాయి. మనిషి బొమ్మ 28 మిల్లీమీటర్లుండే పెద్ద సైజులో ఆడేవాళ్లకి బొమ్మలు ముచ్చటగానే ఉంటాయి గానీ కొండ గుట్టలా కనిపిస్తుంది, కనుమ అనిపించదు. పెట్టె మీద ఎం5 లేదా ఎం5ఏ1 అని ఉండాలి. జోజిలాకి వెళ్లినవి ఎం5 రకం. బొమ్మ చూసి కూడా పోల్చుకోవచ్చు: ముందు పలక ఏటవాలుగా ఉంటుంది, వెనక రెండు కాడిలాక్ ఇంజిన్ల మీద కప్పు మెట్టులా లేచి ఉంటుంది. పాత ఎం3కి ముందు భాగం మెట్లు మెట్లుగా, దాదాపు నిటారుగా ఉంటుంది. మూడు ట్యాంకులు చాలు.

టరెట్‌ని అతికించకండి. 3 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతం ఒకటి టరెట్ అడుగున, ఒకటి బాడీలో పెట్టండి. ఆట మొదటి భాగంలో టరెట్ ఉండదు, రెండో భాగంలో ఎక్కించాలి. అయస్కాంతాలు అతికించే ముందు ఏ వైపు ఏది లాగుతుందో చూసి మార్కర్‌తో చుక్క పెట్టండి. టార్పాలిన్‌కి టిష్యూ పేపర్‌ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, ప్లాస్టిక్ కవరు చుట్టిన ట్యాంకు మీద పరవండి. ఆరాక టోపీలా ఊడొస్తుంది, దానికి ఖాకీ రంగు వేయండి.

రంగు ఆలివ్ డ్రాబ్. ఖరీదైన సీసాలు అక్కర్లేదు. స్టేషనరీ షాపులో దొరికే అక్రిలిక్ ఆలివ్ గ్రీన్‌లో కాస్త బర్న్ట్ అంబర్, చిటికెడు ఎల్లో ఆకర్ కలిపితే సరిపోతుంది. మరీ ముదురుగా కలపకండి, అంత చిన్న బొమ్మ మీద రంగు ఉన్నదానికంటే నల్లగా కనబడుతుంది. ఆరాక నల్ల రంగు బాగా పలచన చేసి సందుల్లోకి వదలండి. పై అంచుల మీద దాదాపు పొడి బ్రష్‌తో లేత రంగు రుద్దండి. చైన్లకి అందరూ తుప్పు రంగు పూసేస్తారు. చాలా స్టూవర్ట్‌ల చైన్లు రబ్బరు దిమ్మలవి, రబ్బరుకి తుప్పెలా పడుతుంది? ముదురు బూడిద రంగు వేసి, దిమ్మల మధ్య ఇనుప కొక్కేలకి మాత్రం కాస్త గోధుమ రంగు తగిలించండి. పెట్టెలో వచ్చే తెల్ల నక్షత్రాల డికాల్స్ (అతికించే బొమ్మలు) జోలికి పోవద్దు, అవి అమెరికా సైన్యానివి.

కొండలు

ఇక్కడే నాకు చేతి నిండా పని, మీకూ అంతే. అడుగున థర్మోకోల్ మెట్లుగా పేర్చండి. స్ప్రే పెయింట్, ఫెవిక్విక్ దాన్ని కరిగించేస్తాయి కాబట్టి ఫెవికాలే వాడాలి. థర్మోకోల్ చెక్కినంత మాత్రాన రాయి కాదు. రాయి రూపం రాయి నుంచే తీయాలి.

దంతాల అచ్చు తీసే ఆల్జినేట్ పొడి డెంటల్ సామాన్ల షాపులో ఎవరికైనా అమ్ముతారు. ముదురుగా కాలి పగిలిన ఇటుక ముక్క ఒకటి తెచ్చుకోండి, లేదా అడ్డదిడ్డంగా విరిగిన కంకర రాయి. ఇటుకే మేలు, దాని పగుళ్లు 1/72లో కొండ చరియలాగే కనిపిస్తాయి. ముక్కని తడిపి, పాత ఐస్‌క్రీం డబ్బాలో పగిలిన వైపు పైకి పెట్టండి. ఆల్జినేట్‌ని ఫ్రిజ్ నీళ్లతో కలపండి. మా ఊరి ఎండల్లో కుళాయి నీళ్లతో కలిపితే గిన్నెలోనే గడ్డ కడుతుంది, చల్లటి నీళ్లయితే పోసేందుకు టైం దొరుకుతుంది. నున్నగా కలిపి పైన పోసి, వేలితో నొక్కితే గుంట పడనంత వరకు ఆగి ఊడదీయండి. అచ్చు మెత్తగా, తడిగా ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి టీకి వెళ్లొద్దు. గాలికి నీరు పోయి కుదించుకుపోతుంది. వెంటనే డెంటల్ స్టోన్ (ల్యాబ్‌లో వాడే గట్టి రకం ప్లాస్టర్) పోసేయాలి: 100 గ్రాముల పొడికి 30 మిల్లీలీటర్ల నీళ్లు. మామూలు ప్లాస్టర్ అయితే దాదాపు 50 పడతాయి, అది మెత్తన, మూలలు విరుగుతాయి. ఒక మూల నుంచి కొద్దికొద్దిగా పోస్తూ డబ్బాని టేబుల్‌కి తడుతూ ఉండండి. బుడగలు పైకి తేలి పగులుతాయి. ముప్పావు గంట ఆగి విడదీస్తే ఇటుక ముఖం మీదున్న ప్రతి గీతా వచ్చి ఉంటుంది. ఒక అచ్చులో రెండు మూడు ముక్కలు తీయొచ్చు. తర్వాత అరిగిపోతుంది, పారేయండి.

ముక్కల్ని తిప్పి తిప్పి అతికిస్తే ఒకే ఇటుక అని ఎవరూ పట్టుకోలేరు. సందుల్లో జల్లించిన గోదావరి ఇసుక. రంగు బూడిద, పైన లేత బూడిద.

మంచుకి ముగ్గు పిండి. రాతి ముగ్గే సుమా, బియ్యప్పిండి వేస్తే చీమలకి సంక్రాంతి. ముగ్గు, ఫెవికాల్, తెల్ల రంగు కలిపి పెరుగంత చిక్కగా చేసి, చరియల పై అంచుల మీద, దారి పక్కన పూయండి. తడిగా ఉండగానే పైన పొడి ముగ్గు జల్లండి. దారి మీద మాత్రం పలచగా వేసి, ట్యాంకు చైన్ల గీతలు లాగండి.

ఆట

టేబుల్ 180 x 90 సెంటీమీటర్లు. దారి నిడివిగా మెలికలు తిరుగుతూ పోతుంది. మొదటి 60 సెంటీమీటర్లు బల్తాల్ ఎక్కుడు, మూడు ముక్కలు. మిగతా 120 కనుమ, చివర గుమ్రీ.

మొదటి భాగం శాపర్లది, ఆరు వంతులు. ప్రతి వంతులో దారి వేసే వైపు ఆటగాడు రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. మందుగుండు పేలిస్తే పాచిక 3 లేదా పైన పడితే ఒక ముక్క పూర్తి. చప్పుడు లేకుండా తవ్వితే 5 లేదా 6 పడాలి. పేల్చినప్పుడల్లా అవతలివాడు పాచిక వేస్తాడు, 6 పడితే వాడికి అనుమానం వచ్చినట్టు. ఒక్కో అనుమానానికి ఒక్కో మందుపాతర, దారి మీద ఎక్కడ పెట్టాడో కాగితం మీద రాసి మడిచి పెట్టుకుంటాడు. దాని మీదికి వెళ్లిన ట్యాంకు అక్కడే ఆగిపోతుంది. వంతు చివర 1 పడితే మంచు కురిసి తర్వాతి వంతు పోతుంది. ఆరు వంతుల్లో దారి పూర్తి కాకపోతే దాడి ఆగదు గానీ ఒక ట్యాంకు తగ్గుతుంది. టరెట్లు ఈ భాగం అయ్యాకే ఎక్కుతాయి.

రెండో భాగం పది వంతులు. అవతలివాడికి ఐదు బంకర్లు, ఇటు ట్యాంకులతో పాటు ఆరు పదాతి జట్లు. ట్యాంకు దారి మీద 15 సెంటీమీటర్లు కదులుతుంది, దారి దిగదు. కదిలే ముందు పాచిక 1 పడితే ఆ వంతుకి ఇంజిన్ మొరాయించినట్టు, అంత ఎత్తులో గాలి పలచన కదా. నిలబడి కాలిస్తే రెండు పాచికలు, కదిలి కాలిస్తే ఒకటి. 4 లేదా పైన పడితే బంకర్‌కి ఒక గుర్తు. రెండు గుర్తులున్న బంకర్ కాల్చలేదు. వంతు చివర ఒక గుర్తు పోతుంది.

ట్యాంకు బంకర్‌ని నోరు మూయించగలదు, ఖాళీ చేయించలేదు. ఆ పని పదాతిది. జట్టు దారి మీద 15, చరియ మీద 8 సెంటీమీటర్లు కదులుతుంది. బంకర్‌ని తాకాక, గుర్తు ఉంటే 3 లేదా పైన, లేకపోతే 6 పడితేనే అది పోతుంది. బంకర్ పదాతి మీద రెండు పాచికలు వేస్తుంది, 4 లేదా పైన పడిన ప్రతిసారీ ఒక మనిషి పోతాడు, జట్టుకి ముగ్గురు.

స్టూవర్ట్ గన్ సుమారు 20 డిగ్రీలు మాత్రమే పైకి లేస్తుంది. టేబుల్ మీద దీన్ని కోణమానినితో కొలుస్తూ కూర్చోనక్కర్లేదు: బంకర్ ఎత్తుకి మూడు రెట్లు దూరం ఉంటేనే కాల్చాలి. 12 సెంటీమీటర్ల ఎత్తున్న బంకర్‌కి 36 సెంటీమీటర్లు. ఈ ఒక్క నియమంతో ఆట తీరే మారిపోతుంది. కొండ కిందికి చేరిన ముందు ట్యాంకు తన నెత్తిమీదున్న బంకర్‌ని ఏమీ చేయలేదు, వెనకున్నది కాపాడాలి. మూడూ ఒకదాని వెనక ఒకటి అతుక్కుని పోతే మూడూ గుడ్డివే.

పైమూత తెరవాలా మూయాలా అన్నది ప్రతి వంతులో చెప్పాలి. తెరిస్తే తప్పిన పాచిక ఒకటి మళ్లీ వేయొచ్చు, కానీ బంకర్ కాల్చిన పాచికల్లో 6 పడితే కమాండర్‌కి దెబ్బ తగిలి ఆ ట్యాంకు ఒక వంతు ఆగుతుంది. మూస్తే భద్రం, కానీ ఇంతవరకు కాల్చని బంకర్ దానికి కనబడదు. అందుకే బంకర్ల వైపు కూర్చున్నవాడు మొదటి రెండు వంతులు నోరు మూసుకోవడమే తెలివి. మా మేనల్లుడు మూడు వంతులు కాల్చకుండా కూర్చుని, నా పదాతి మొత్తం కనుమ మధ్యలోకి వచ్చాక మొదలుపెడతాడు, వెధవ.

పది వంతుల్లో ఒక ట్యాంకు, రెండు జట్లు గుమ్రీ అంచు చేరితే ఇటు గెలుపు. మీ ఇంట్లో బంకర్ల వైపే ఎప్పుడూ గెలుస్తుంటే ఒక బంకర్ తీసేయండి. ట్యాంకులకి వేగం మాత్రం పెంచకండి. రోడ్డు మీద గంటకి 58 కిలోమీటర్లు పోయే బండే గానీ, ఆ రోజు ఆ దారిలో అంత వేగం ఎవరికీ దక్కలేదు.