అప్పు తీర్చడానికి మళ్లీ ఎక్కువ వడ్డీకి అప్పు చేసే ముందు ఏం చేయాలి?

ఐదో తారీఖున ఈఎంఐ ఉంది, చీటీ వాయిదా ఉంది, చేతిలో డబ్బు లేదు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ‘ఐదు నిమిషాల్లో లోన్’ అనే మెసేజ్ కనిపిస్తుంది, లేదంటే సందు చివర ఫైనాన్స్ ఇచ్చే ఆయన గుర్తొస్తాడు. వేరే అప్పులేమీ లేనివాళ్లు ఒకసారి ఎక్కువ వడ్డీకి తెచ్చుకున్నా ఎలాగో తీర్చేస్తారు. ఇప్పటికే అప్పుల్లో ఉన్నవాళ్లు ఆ వడ్డీ కట్టడానికే ఇంకోచోట అప్పు తేవాల్సి వస్తుంది. అందుకే కొత్త అప్పు జోలికి వెళ్లే ముందు ఈ పనులు వరసగా చేయండి.

1. అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి

ఎవరికి ఇవ్వాలి, చేతికి వచ్చింది ఎంత, ఇంకా ఎంత ఉంది, ఏ తేదీకి ఎంత కట్టాలి అన్నవి రాస్తే చాలు. భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని రాయండి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు తెచ్చిన అప్పు చాలా ఇళ్లలో ఉంటుంది, అది బయటపడకపోతే లెక్కంతా తప్పుతుంది. పాడుకున్న చీటీకి మిగిలిన వాయిదాలు కూడా అప్పే. కిరాణా కొట్టు ఖాతా, తాకట్టులో ఉన్న బంగారం, చుట్టాల దగ్గర తెచ్చిన చేబదులు కూడా రాయాలి.

2. అన్ని వడ్డీలనూ ఒకే లెక్కలోకి తెండి

బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అంటుంది. ఊళ్లో నూటికి నెలకు ఇన్ని రూపాయలు అంటారు. ఊళ్లో చెప్పిన వడ్డీని 12తో గుణిస్తే రెండూ పోల్చుకోవచ్చు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఐదు రూపాయలంటే 60 శాతం.

అసలు చిక్కు వడ్డీ మాటే ఎత్తని అప్పులతో. రోజువారీ ఫైనాన్స్ తీసుకోండి. పదివేలకు నోటు రాయించుకుని, 1,500 ముందే కటింగ్ చేసి, 8,500 చేతిలో పెట్టారనుకుందాం. రోజుకు వంద చొప్పున 100 రోజులు కట్టాలి. పోయేది పదిహేను వందలే కదా అనిపిస్తుంది. కానీ ఆ 8,500 వంద రోజులూ మీ దగ్గర ఉండదు. మొదటి రోజు నుంచే వెనక్కి వెళ్లిపోతూ ఉంటుంది, యాభయ్యో రోజుకి 5,000 కట్టేసి ఉంటారు. సగటున మీరు వాడుకున్నది నాలుగు వేల పైచిలుకే. దాని మీద వంద రోజులకు 1,500 అంటే నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ, ఏడాదికి 120 శాతం. మార్కెట్లో కూరగాయలు, పూలు అమ్ముకునే వాళ్లు ఇలాంటి అప్పును ఏడాదంతా తిప్పుతూనే ఉంటారు, పాతది పూర్తి కాకముందే కొత్త నోటు రాస్తారు.

క్రెడిట్ కార్డు లెక్క కూడా ఇలాగే కంటికి కనపడదు. 50,000 బకాయి మీద నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 1,750. దాని మీద 18 శాతం జీఎస్టీ 315. మీరు ఆ నెల 2,500 కడితే అందులో 2,065 వీటికే పోతుంది, అసలులో తగ్గేది 435 రూపాయలు. పైగా బకాయి ఉన్నంతకాలం కార్డు మీద కొత్తగా కొన్నవాటికి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డు పక్కన పెట్టేయండి.

ఫ్లాట్ రేటు అన్నా, అంటే అసలు తగ్గుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే వడ్డీ వేసే లెక్క అన్నా జాగ్రత్తపడండి. లక్షకు ‘ఫ్లాట్ 12 శాతం’ అని నెలకు 9,333 చొప్పున ఏడాది పాటు కట్టించుకుంటే నిజానికి పడే వడ్డీ 21 శాతం దాటుతుంది.

3. ముందు పాత అప్పు ఇచ్చినవాళ్ల దగ్గరకే వెళ్లండి

చాలామంది మొహమాటంతో, భయంతో ఈ పని చేయరు. ఈఎంఐ తప్పకముందే బ్యాంకుకు వెళ్లి, జీతం తగ్గిందనో, ఆసుపత్రి ఖర్చు వచ్చిందనో కాగితం మీద రాసిచ్చి, గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని అడగండి. కార్డు బకాయిని తక్కువ వడ్డీకి ఈఎంఐలుగా మార్చమని అడగండి, మార్చడానికి ఎంత ఫీజో కూడా కనుక్కోండి. ఒప్పుకుంటారని గ్యారంటీ లేదు. అయినా ఒక నెల ఆలస్యానికి పడే ఛార్జీ, పది రూపాయల వడ్డీకి తెచ్చే అప్పు కంటే తక్కువే అయ్యే సందర్భాలు చాలా ఉంటాయి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు లోన్ల మీద వేసే పెనాల్టీని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు.

4. తప్పదనుకుంటే చవకగా దొరికే చోటే చూడండి

పొదుపు సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ లోన్ గానీ, స్త్రీనిధి గానీ అడగండి. బ్యాంకులో బంగారం మీద లోన్, ఎల్‌ఐసీ పాలసీ మీద లోన్ కూడా చాలావరకు రూపాయి వడ్డీకి అటూ ఇటూగా దొరుకుతాయి. ఇలా తెచ్చిన డబ్బుతో అదే రోజు ఎక్కువ వడ్డీ అప్పును పూర్తిగా మూసేయాలి. నాలుగు రోజులు ఇంట్లో ఉంచితే అది వేరే ఖర్చుకు కరిగిపోతుంది. ఏళ్ల తరబడి వడ్డీ కట్టి రెన్యువల్ చేస్తున్న గొలుసు ఉంటే, దాన్ని అమ్మేసి బయటపడటమే మేలని నా గట్టి అభిప్రాయం. ఇంట్లో వాళ్లకు మనసు ఒప్పకపోయినా, కట్టిన వడ్డీ అంతా కాగితం మీద కూడి చూపించండి.

5. లోన్ యాప్‌లకు దూరంగా ఉండండి

ఐదు వేలని చెప్పి 3,500 ఖాతాలో వేసి, ఏడో రోజు ఐదు వేలు కట్టమనే యాప్‌లు ఉన్నాయి. అంటే వారానికే 43 శాతం వడ్డీ. ఒక యాప్‌కి కట్టడానికి ఇంకో యాప్‌లో తీసుకుంటూ పోతే కొన్ని వారాల్లోనే పదీ పదిహేను యాప్‌ల వరకు వెళ్తుంది. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు ఇలాంటి యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అప్పటికే వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు.

నియమాల ప్రకారం నడిచే యాప్ అయితే వెనక ఏ బ్యాంకు, ఏ ఫైనాన్స్ కంపెనీ ఉందో చెప్పాలి. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతమో ఒక పత్రంలో ముందే ఇవ్వాలి. తీసుకున్నాక మనసు మారితే, కనీసం ఒక రోజు లోపు పెనాల్టీ లేకుండా వెనక్కి ఇచ్చే అవకాశం ఉండాలి. మీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు అడగకూడదు. అడిగిందంటే వెంటనే తీసేయండి.

6. వేధిస్తే ఒంటరిగా భరించొద్దు

బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదు. బూతులు, బంధువులకు ఫోన్లు, బెదిరింపులు కుదరవు. కాల్ రికార్డులు, స్క్రీన్‌షాట్లు దాచుకుని ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, హెల్ప్‌లైన్ 14448. ఫొటోలు మార్ఫింగ్ చేస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ప్రైవేటు వడ్డీ వ్యాపారి ఇంటి మీదకు వచ్చినా స్టేషన్‌కే వెళ్లాలి. 2015లో విజయవాడలో కాల్‌మనీ బాగోతం, అంటే అధిక వడ్డీకి అప్పులిచ్చి వేధించిన వ్యవహారం, బయటపడింది బాధితులు ఫిర్యాదు చేయడం వల్లే. టెన్షన్‌తో చచ్చిపోవాలనిపిస్తుంటే ఆ క్షణమే ఇంట్లో ఎవరికైనా చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఎప్పుడు చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

7. తీర్చేటప్పుడు

అన్నిటికీ కనీస వాయిదా కడుతూ, మిగిలిన ప్రతి రూపాయినీ ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకే పెట్టండి. అది తీరాక ఆ వాయిదా మొత్తం తర్వాతి అప్పుకు మళ్లించండి. రెండు అప్పుల వడ్డీ దాదాపు ఒకటే అయితే, ముందే తీర్చినా పెనాల్టీ ఉండదని తెలిసినది మొదట చూడండి, మైక్రోఫైనాన్స్ లోన్లకు అలాంటి పెనాల్టీ వేయకూడదు.

ప్రామిసరీ నోటు మీద కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకుని, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. చివరి వాయిదా చేతికి ఇచ్చేటప్పుడే నోటు, చెక్కులు వెనక్కి తీసుకోండి, ‘రేపు ఇస్తాలే’ అంటే ఒప్పుకోకండి. బ్యాంకు అప్పు అయితే బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, రెండు నెలల తర్వాత మీ అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా మూసినట్టు పడిందో లేదో చూసుకోండి. ఏడాదికి ఒకసారి ఆ రిపోర్టు ఉచితం.