50 కిలోమీటర్ల నడక నిర్వహించడం – 3వ పాఠం: దారి, మజిలీలు, చివరి మనిషి

పోయిన పాఠంలో తేదీ తేల్చుకున్నాం. డిసెంబరు మూడో ఆదివారం, తెల్లవారుజామున 4 గంటలకు మొదలు. పోలీస్ స్టేషన్‌కీ పంచాయతీలకీ కాగితాలు ఇచ్చేశాం. ఇవాళ దారి పని. ఈ పాఠమంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: మీ ఏర్పాట్లన్నీ అందరికంటే వెనక నడిచే మనిషి కోసం చెయ్యండి. ముందు నడిచేవాళ్ళు ఎలాగైనా గమ్యం చేరతారు, వాళ్ళ గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు.

మనం అనుకున్న దారి కోనసీమలో కొత్తపేట వైపు నుంచి ఏటిగట్టు మీదుగా దిగి, గన్నవరం అక్విడక్ట్ (కాలవ నీళ్ళని ఏటి మీదుగా దాటించే వంతెన) మీద గోదావరి పాయ వైనతేయ దాటి, రాజోలు దీవిలోంచి అంతర్వేది వరకు. ఎక్కడ మొదలుపెడితే సరిగ్గా 50 వస్తుందో కొలిచాకే తెలుస్తుంది కాబట్టి అంతర్వేది నుంచి వెనక్కి కొలుచుకుంటూ రండి. దారిలో పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ) ఎక్కితే బావుంటుంది కదా అని చాలామంది అడుగుతారు. నేను వద్దంటాను. రేవులో బళ్ళ వరస, పోటూ పాటూ, పంటు నిండేదాకా ఆగడం, ఇవేవీ మన చేతిలో ఉండవు, పైగా కాసేపు కూర్చుని లేచిన కాళ్ళు బిగుసుకుపోయి మళ్ళీ కదలడానికి చాలా బాధ పెడతాయి. అక్విడక్ట్ మీద మాత్రం వాహనాలుంటాయి, అక్కడ ఒకరి వెనక ఒకరు నడవాలని ముందే చెప్పండి.

దారిని బండి మీద చూసి వచ్చేస్తే సరిపోదు. రెండుసార్లు నడవండి, ఒకసారి పగలు, ఒకసారి అదే తెల్లవారుజామున. డిసెంబరులో మనకి ఆరున్నర దగ్గర గాని పొద్దు పొడవదు, అంటే మొదటి రెండున్నర గంటలు చీకటే, పైన మంచు, పక్కన పిట్టగోడ లేని కాలవ. అలాంటి చోట్లన్నీ రాసుకుని, టార్చిలైటుతో ఎవర్ని నిలబెట్టాలో అక్కడే నిర్ణయించుకోండి. సార్వా (వానాకాలం వరి) కోతల కాలం కాబట్టి రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఆ గింజ తొక్కకూడదు, ఆ రైతుతో ముందురోజే మాట్లాడి మనవాళ్ళు ఏ పక్కన నడవాలో అడగండి. అలా అడిగితే చాలాసార్లు వాళ్ళే అరుగు చూపించి ఇక్కడ కూర్చోమనండి అంటారు.

ఇప్పుడు లెక్క. పలక తీసుకున్నట్టే కాగితం తీసుకోండి. చురుగ్గా నడిచేవాళ్ళు గంటకు 6 కిలోమీటర్లు వేస్తారు, ఆగుతూ నడిచేవాళ్ళు సగటున 4. 10 కిలోమీటర్ల దగ్గర మొదటివాళ్ళు 5:40కి వస్తే చివరివాళ్ళు 6:30కి వస్తారు, తేడా 50 నిమిషాలే. అదే 40 దగ్గర మొదటివాళ్ళు 10:40కి, చివరివాళ్ళు మధ్యాహ్నం 2 గంటలకి. తేడా 3 గంటల 20 నిమిషాలు! 10 దగ్గరి మొదటి మజిలీలో గంటన్నర కూర్చునే మనిషి సరిపోతాడు, 40 దగ్గరి నాలుగో మజిలీలో నాలుగు గంటలు కూర్చునే ఇద్దరు కావాలి. ఈ లెక్క వెయ్యకే నేను ఒకసారి చాలా తప్పు చేశాను. మధ్యాహ్నం ఎండలో నలుగురు మజిలీకి చేరేసరికి మావాళ్ళు టెంటు విప్పేసి, మిగిలిన మజ్జిగ పారబోసి వెళ్ళిపోయారు. అందులో ఒకావిడ ఏమీ అనకుండా గట్టు మీద కూలబడింది. ఆ మొహం నాకింకా గుర్తుంది. అందుకే ఇప్పుడు మా దగ్గర ఒకటే నియమం: వెనకాల నడిచే మా తోకమనిషి వచ్చి సంతకం పెట్టేదాకా ఏ మజిలీ ఎత్తకూడదు. తోకమనిషి దగ్గర పేర్ల జాబితా, ఫోను, విజిల్ ఉండాలి. ఎవరైనా మధ్యలో ఆగిపోతే వాళ్ళ పేరు ఆ మజిలీలోనే జాబితాలోంచి కొట్టెయ్యాలి, లేకపోతే సాయంత్రం లేని మనిషి కోసం కాలవలో వెతకాల్సి వస్తుంది.

నీళ్ళు: మనిషికి గంటకు అర లీటరు అనుకోండి. గంటకు 4 చొప్పున 50 నడిచే చివరి మనిషికి పన్నెండున్నర గంటలు పడుతుంది, అంటే ఆరు లీటర్ల పైన. 100 మందికి 20 లీటర్ల టిన్నులు 32 పడతాయి. వీటిలో ఎక్కువ భాగం 20 కిలోమీటర్ల తర్వాతి మజిలీలకే పంచండి.

కొబ్బరి బోండాలకి మన దగ్గర కొదవ లేదు గానీ వాటినే నమ్ముకోవద్దు. బోండంలో పొటాషియం బాగా ఉంటుంది, చెమటలో ఎక్కువగా పోయేది సోడియం, అది బోండంలో తక్కువ. ఉత్త నీళ్ళే గంటల తరబడి తాగినా ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతి, తికమక రావచ్చు. కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగ, లీటరుకి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, పులిహోర, చక్రకేళి అరటిపళ్ళు పెట్టండి. నడిమి మజిలీ గన్నవరంలో పెట్టాలని నా కోరిక. దారిన పోయేవాళ్ళకు వేళకాని వేళ కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి ఊరది, ఆ అక్విడక్ట్‌కీ ఆవిడ పేరే. అక్కడ చివరి మనిషికి కూడా వేడన్నం ఉండాలి.

వచ్చే పాఠం పాదాల గురించి: బొబ్బలు, తడి సాక్సులు, పాము కాటు, 108 అంబులెన్సు. ఈలోపు మీ ఊరి దారికి 10, 20, 30, 40 దగ్గర మొదటివాళ్ళ టైము, చివరివాళ్ళ టైము వేసి, ఒక్కో మజిలీలో ఎవరు ఎంతసేపు ఉంటారో పేర్లతో రాసి పెట్టుకోండి.