రొటేటర్ కఫ్ చిరిగిందా? భుజాన్ని చేతితో పరీక్షించే పద్ధతి

మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే మనిషి చెయ్యి లేవడం లేదని వస్తే, చొక్కా అయినా విప్పించకుండా ఎంఆర్‌ఐకి చీటీ రాసివ్వడం గుంటూరులో మామూలైపోయింది. దెబ్బ తగిలి ఉంటే ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదని తేల్చుకున్నాక భుజం కీలును చుట్టి పట్టుకునే కండరాల పట్టీ, అంటే రొటేటర్ కఫ్, చిరిగిందేమో చూసే చేతి పరీక్ష మొదలుపెట్టాలి.

రోగిని వీపు ఆనని స్టూలు మీదే కూర్చోబెట్టాలి, కుర్చీ పనికిరాదు. ముందుగా చేతిని మనమే కదిపి చూడాలి. మనం తిప్పినా బయటికి తిరగకపోతే అది బిగుసుకుపోయిన భుజం కావచ్చు. షుగరు ఉన్నవారిలో ఇది తరచుగా కనబడుతుంది.

తరువాత చేతులను 90 డిగ్రీల ఎత్తున, 30 డిగ్రీలు ముందుకు ఉంచి, పై నుంచి నొక్కితే ఈ కఫ్‌లో పైనుండే కండరమైన సుప్రాస్పైనేటస్ బలం తెలుస్తుంది. చాలామంది బొటనవేళ్లు నేలవైపు తిప్పిస్తారు; పైకే ఉండాలి, నొప్పి తక్కువ. అరచేతితో పొట్టను నొక్కించినప్పుడు మోచెయ్యి వెనక్కి జారిపోతే కఫ్‌లో ముందువైపు కండరమైన సబ్‌స్కాపులారిస్‌ను అనుమానించాలి.

అందరూ చెడగొట్టేది ఎక్స్‌టర్నల్ రొటేషన్ ల్యాగ్ సైన్, అంటే బయటికి తిప్పి ఉంచిన చెయ్యి నిలవక జారుతుందేమో చూసే పరీక్ష. రోగి వెనుక నిలబడి, మోచేతిని 90 డిగ్రీలు వంచి, చేతిని ఒంటికి 20 డిగ్రీలు ఎడంగా లేపి, ముంజేతిని బయటికి తిరిగినంతా తిప్పి, అక్కడి నుంచి 5 డిగ్రీలు వెనక్కి తేవాలి. ఈ 5 డిగ్రీలు వదిలేస్తే, బాగున్న భుజం కూడా స్ప్రింగులా వెనక్కి వచ్చి మనల్ని మోసం చేస్తుంది.

ఆపైన, “బాబాయ్, చెయ్యి ఇలాగే నిలబెట్టండి” అని చెప్పి, ఆయనకు అర్థమైందని రూఢి చేసుకొని, మణికట్టును మాత్రమే వదలాలి. మోచేతిని వదిలితే చెయ్యి మొత్తం కిందికి పడి పరీక్ష చెడిపోతుంది. ఒళ్లు తిప్పి నిలబెట్టుకోనివ్వకూడదు. ముంజెయ్యి తనంతట తానే పొట్టవైపు 5 డిగ్రీలో అంతకు మించో జారితే, సుప్రాస్పైనేటస్‌తోపాటు వెనకవైపు కండరమైన ఇన్‌ఫ్రాస్పైనేటస్ కూడా చిరిగిందని బలంగా అనుమానించాలి. “అబ్బా” అన్నంత మాత్రాన చిరిగినట్లు కాదు, నిలబెట్టలేకపోవడమే లెక్క. అందుకే నొప్పిని రేపి చూసే పరీక్షల కంటే దీన్నే నేను నమ్ముతాను. ముందు బాగున్న భుజానికి చేసి చూపాలి, అప్పుడే రోగి భయపడి బిగుసుకోడు.

జారకపోయినా చిన్న చిరుగు ఉండవచ్చు. మెడ దగ్గర నరం నొక్కుకుపోయినా ఇదే బలహీనత కనబడుతుంది కనుక, స్కానింగుకు పంపేముందు మెడను కూడా పరీక్షించాలి.