చేపల వేట నిషేధం ఉండే రెండు నెలల్లోనే కుర్రాడిని బడికి రప్పించాలి

ఒడిశాలోని గంజాం తీరంలో తెలుగు కుర్రాడు ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానేస్తే అందరూ చెప్పే కారణం ఒకటే: వేటకు వెళ్ళిపోయాడని. గోపాల్‌పూర్ దగ్గర లెక్కలు చెప్పే గురుమాగా (ఇక్కడి బడుల్లో మమ్మల్ని అలాగే పిలుస్తారు) నేను దాన్ని ఒప్పుకోను. పడవ ఎక్కకముందే వాడు తరగతికి దూరమవుతాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అక్షరాలు కూడబలుక్కోగలడు కానీ పేరా చదివితే అర్థం కాదు. పదమూడేళ్ళ వయసులో అది నలుగురి ముందు బయటపడటం కంటే పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకుంటాడు.

అందుకని ముందు హాజరు పట్టీ చూడండి. వరసగా వారాల తరబడి రాకపోతే పనికి వెళ్తున్నాడు. వచ్చి, భాష పీరియడ్‌కు ముందు జారుకుంటున్నాడంటే చదవలేక పారిపోతున్నాడు. రెంటికీ మందు ఒకటి కాదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు వేళ చూసుకోండి. పొద్దున పడవలు ఒడ్డుకు చేరి చేపల వేలం సాగుతుంటే మీ మాట ఎవరూ వినరు. మధ్యాహ్నం వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, అప్పుడు వెళ్ళండి. తెలుగులోనే పలకరించండి. తండ్రి ముందు కుర్రాడిని నిలదీయవద్దు. ‘బడికి ఎందుకు రావడం లేదురా?’ అన్న ప్రశ్నకు నిజం చెప్పిన పిల్లవాడిని నేను చూడలేదు. ‘ఏ పీరియడ్ అయితే కూర్చోగలవు నాన్నా?’ అని అడగండి. ఆటల పీరియడ్ అన్నా సరే. మొదటి వారం దానికే రానివ్వమని ప్రధానోపాధ్యాయుడిని ముందే ఒప్పించి పెట్టుకోండి.

ఏడాదిలో ఇందుకు మంచి అదను వేట నిషేధ కాలం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు ఆగుతాయి. పారాదీప్, విశాఖ వెళ్ళిన కుర్రాళ్ళు ఇంటికి వస్తారు. గుజరాత్, మంగళూరు వైపు నిషేధం జూన్ 1న గానీ మొదలవదు కాబట్టి అటు వెళ్ళినవాళ్ళు ఆలస్యంగా దొరుకుతారు. వేసవి సెలవులని మనమూ ఇంట్లో కూర్చుంటే ఆ అదను పోయినట్టే.

ఆ రోజుల్లో మూడో తరగతి ఒడియా పుస్తకంతో మొదలుపెట్టండి. పక్కన ఎవరూ ఉండకూడదు, పావుగంట మించకూడదు. చదివినదాన్ని తెలుగులో చెప్పమనండి. అర్థమైందో లేదో అక్కడే తేలిపోతుంది.

లెక్కలకు పాఠ్యపుస్తకం అప్పుడే తీయకండి. అమ్మకం 6,650 రూపాయలు, డీజిలు, ఐసు ఖర్చు 1,900. మిగిలినదాంట్లో పడవకు రెండు వాటాలు, వలకు రెండు, ఐదుగురు పెద్దవాళ్ళకు ఒక్కొక్కటి, కుర్రాడికి సగం. ఆ సగం వాటా ఎంత? 250 అని నోటితోనే చెప్పేస్తాడు. అదే లెక్కను, మిగిలిన 4,750ని తొమ్మిదిన్నర వాటాలతో భాగించి కాగితం మీద చూపించమనండి. భిన్నాలు రావని వాడిని వెనక బెంచీలో కూర్చోబెట్టింది మనమే కదా!

ఆడపిల్లల సంగతి వేరు. వాళ్ళను ఆపేది తమ్ముళ్ళను చూసుకోవడం, ఎండుచేపల పని, పెళ్ళి మాటలు. తల్లితో మాట్లాడండి. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి ఖాయం చేస్తున్నారని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

రాత్రి వేటకు వెళ్ళివచ్చి తరగతిలో నిద్రపోతే అది బద్ధకం కాదు, కాసేపు పడుకోనివ్వండి. కానీ రెండు వారాలుగా తిండి, నిద్ర, ఆట, స్నేహితులు ఏదీ పట్టకుండా ఉంటే వైద్యుడికి చూపించాలి. చనిపోవాలని ఉందంటే కోప్పడవద్దు, ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం.

బదిలీ పత్రం లేదని ఎనిమిదో తరగతి వరకు ప్రవేశం ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగు దాటినా ఎనిమిది పూర్తయ్యేదాకా చదువు ఉచితమే. బడిలో కూర్చోనే లేనివాడికి ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) పదో తరగతి ఉంది. పద్నాలుగేళ్ళు నిండితే చాలు, తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. ప్రవేశం ఐదేళ్ళు చెల్లుతుంది, ఒక్కొక్క సబ్జెక్టే రాసుకోవచ్చు. ముందు లెక్కలు రాయించండి, భాష తర్వాత.