చవక పిస్టల్ మొరాయిస్తే లోపం తూటాదా, తుపాకీదా?

తక్కువ ధర పిస్టల్ కొన్నవాళ్లు మొదటి పెట్టె తూటాలు అయిపోకముందే ఏదో ఒక తీర్పు ఇచ్చేస్తారు. కొందరు తుపాకీయే నాసిరకం అంటారు. ఇంకొందరు ఖరీదైన తూటాలు వేస్తే సరిపోతుందంటారు. రెండూ తొందరపాటే. ఖరీదైన పిస్టల్‌లో తూటా ఎక్కే ఫీడ్ ర్యాంప్‌ను నున్నగా సానబెడతారు, పేలాక మిగిలే ఖాళీ కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ పట్టు సరిచూస్తారు, తూటాలు నింపే మ్యాగజైన్ పై అంచుల, అంటే పెదవుల కొలతలు ఒక్కలా ఉంటాయి. అందుకే ఏ తూటా వేసినా చాలావరకు సర్దుకుపోతుంది. చవక పిస్టల్‌కు ఆ వెసులుబాటు తక్కువ. దానికి పడే తూటా ఏదో మనమే ఓపిగ్గా కనిపెట్టాలి. చాలాసార్లు అది ఖరీదైన తూటా కాదు, గుండ్రటి ముక్కు, పూర్తి రాగి తొడుగు ఉన్న బుల్లెట్‌తో వచ్చే సాదా ఇత్తడి కేసు తూటా.

ఇక్కడ తూటా అంటే కేసు, మొదట పేలి మందును అంటించే ప్రైమర్, తుపాకీ మందు, బుల్లెట్ నాలుగూ కలిపిన మొత్తం. బ్యారెల్‌లోంచి బయటికి దూసుకెళ్లేది మాత్రమే బుల్లెట్. కింద చెప్పిన కాల్పుల పరీక్షలన్నీ లైసెన్సున్న తుపాకీతో, రేంజ్‌లో, కళ్లకూ చెవులకూ రక్షణ పెట్టుకుని, పిస్టల్ మూతి లక్ష్యం వైపే ఉంచి చేయాల్సినవి.

టప్‌మని చిన్న చప్పుడు వచ్చింది, చేతికి తన్ను తగల్లేదు

అన్నిటికంటే ముందు దీని గురించే చెప్పాలి. మిగతా లోపాలతో విసుగే పుడుతుంది, దీనితో వేళ్లు పోతాయి.

కారణం: కేసులో మందు లేదు, లేదా సరిపోయినంత లేదు, లేదా నూనె తగిలి పాడైంది. ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్‌ను బ్యారెల్‌లోకి కొద్ది దూరం నెట్టింది. అది అక్కడే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో తూటా పేలితే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా బద్దలవుతుంది.

పరిష్కారం: ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసేయండి. పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లయిడ్‌ను లాగి వెంటనే ఇంకో తూటా ఎక్కించడం వేగంగా కాల్చడం నేర్చుకున్నవాళ్లకు అలవాటైపోయి ఉంటుంది. ఇక్కడ ఆ అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది. మూతి లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. తర్వాత మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) ఖాళీ చేసి, పిస్టల్ విప్పి బ్యారెల్‌ను వేరు చేయండి. విడిగా ఉన్న బ్యారెల్‌లోంచి వెలుతురు కనిపించాలి. కనిపించకపోతే బుల్లెట్ లోపలే ఉంది. దాన్ని తుపాకీ మరమ్మతు తెలిసినవాళ్లకు అప్పగించండి. ఛాంబర్ చుట్టూ కాలని మందు రేణువులు రాలి ఉన్నాయేమో కూడా చూడండి. ఆ పెట్టెలో మిగిలిన తూటాలు ఒక్కటి కూడా కాల్చొద్దు. ఎవరో ఇంట్లో మళ్లీ మందు నింపి ఇచ్చిన తూటాలను నేను చవక పిస్టల్‌లో అసలు వేయను. వాటిని తిరస్కరించడానికి ఈ ఒక్క కారణం చాలు.

ట్రిగ్గర్ నొక్కితే టక్‌మంది, పేలలేదు

ఇక్కడా 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. తర్వాత దాన్ని బయటికి తీసి ప్రైమర్ మీద పడిన గుంతను చూడండి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

గుంత లోతుగా, నడిమధ్యలో ఉండీ పేలలేదంటే లోపం తూటాది. ప్రైమర్‌లోకి చెమ్మో నూనో దిగి ఉంటుంది. తుప్పు పట్టకూడదని తూటాల మీద నూనె చల్లే అలవాటు కొందరికి ఉంది, మానుకోండి. సన్నని సందుల్లోకి ఇంకే నూనెలు ప్రైమర్ అంచు నుంచి లోపలికి దిగిపోతాయి. తోలు పట్టీల్లో ఏళ్ల తరబడి ఉంచినా ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. చల్లగా, పొడిగా, వాటి పెట్టెలోనే ఉంచిన ఫ్యాక్టరీ తూటా దశాబ్దాలు నిలుస్తుంది.

గుంత పైపైన పడిందంటే ముందు తుపాకీని అనుమానించండి. ప్రైమర్‌ను పొడిచే ఫైరింగ్ పిన్ కదిలే దారిలో మురికి, చిక్కబడ్డ నూనె పేరుకుని ఉంటాయి. ఆ దారిని పొడిగా ఉంచాలి. శుభ్రం చేసినా అలాగే ఉంటే స్ప్రింగ్ బలహీనమై ఉండొచ్చు. ఇంకో సంగతి, సైన్యం కోసం చేసిన తూటాల్లో ప్రైమర్ తరచూ గట్టిగా ఉంటుంది. మెత్తటి ట్రిగ్గర్ కోసం తేలికపాటి స్ప్రింగ్ పెట్టిన పిస్టల్ దాన్ని పేల్చలేదు. పౌర వాడకానికి చేసిన తూటా వేసి చూడండి. అది పేలితే పిస్టల్‌కు పడనిది ఆ గట్టి ప్రైమరే.

.22 అనే సన్నటి తూటాల లెక్క వేరు. వాటిలో పేలే పదార్థం కేసు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. అది అన్ని వైపులా సమంగా పరుచుకోకపోతే పిన్ తగిలిన చోట ఏమీ ఉండదు. పెద్ద డబ్బాలో విడిగా పోసి అమ్మే చవక .22 తూటాల్లో పేలనివి కొన్ని రావడం మామూలే. బుల్లెట్ బరువు 40 గ్రెయిన్లుండే (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలిచే చిన్న ప్రమాణం), గుండ్రటి ముక్కు, ఎక్కువ వేగం రకం వేస్తే చాలా చవక .22 పిస్టళ్లు దారికొస్తాయి.

తూటా ఛాంబర్‌లోకి ఎక్కక ముక్కు కొట్టుకుని ఆగిపోతోంది

అందరూ తూటాను తిడతారు. నా అనుభవంలో ముందు చూడాల్సింది మ్యాగజైన్‌ను. రెండు మ్యాగజైన్లుంటే ఒకదానికి 1, ఇంకోదానికి 2 అని గుర్తు పెట్టండి. ఒకే పెట్టె తూటాలు రెండింట్లోంచీ కాల్చండి. లోపం 1తోనే వస్తుంటే పెదవులు వంగాయి, లేదా స్ప్రింగ్ నీరసపడింది. రెండింటితోనూ వస్తేనే తూటా వంక చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి. తూటా, మ్యాగజైన్, నూనె అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు.

లోపం తూటాదే అయితే చాలావరకు అది ముక్కు ఆకారం. ముక్కు దగ్గర గుంత ఉండే హాలో పాయింట్ బుల్లెట్ వెడల్పాటి అంచు నిటారు ర్యాంప్‌కు తట్టుకుంటుంది. గుండ్రటి ముక్కు జారుకుంటూ ఎక్కుతుంది. హాలో పాయింటే కావాలంటే ముక్కు గుండ్రంగా, సన్నగా మలిచిన రకాన్ని వెతకండి.

.32 ఏసీపీ అనే పిస్టల్ తూటాకు ఇంకో ప్రత్యేక ఇబ్బంది ఉంది. దాని కేసు అడుగు అంచు కొంచెం బయటికి పొడుచుకుని ఉంటుంది. పొట్టి హాలో పాయింట్ తూటాలు మ్యాగజైన్‌లో ముందుకీ వెనక్కీ కదిలి, పై తూటా అంచు కింది తూటా అంచు వెనక చిక్కుకుంటుంది. ఇక పైది ముందుకు రాదు. గరిష్ఠ పొడవు 25 ఎంఎంకు దగ్గరగా ఉండే గుండ్రటి ముక్కు తూటా వేస్తే కదిలే చోటు తగ్గుతుంది, ఆ చిక్కు చాలావరకు తొలగిపోతుంది.

స్లయిడ్ పూర్తిగా మూసుకోవడం లేదు

ముందు పేరు సరిచూడండి. "9 ఎంఎం" అనే మాట ఒక్కటే చాలదు. 9×19, 9×18 మకరోవ్, 9×17 మూడూ వేరు వేరు తూటాలు. మకరోవ్ బుల్లెట్ వ్యాసం 9.27 ఎంఎం, మిగతా రెంటికంటే లావు. ".32" అన్నా అంతే, పిస్టల్‌కు ఒకటి, రివాల్వర్‌కు ఇంకొకటి. బ్యారెల్ మీద చెక్కిన పేరూ కేసు అడుగున ఉన్న పేరూ అక్షరం తేడా లేకుండా కలవాలి.

పేరు కలిసినా మూసుకోకపోతే బ్యారెల్‌ను విప్పి, ఛాంబర్ పైకి ఉండేలా పట్టుకుని తూటాను వేళ్లతో వదలండి. టక్కున దిగాలి, సులువుగా తిరగాలి, బోర్లిస్తే తనంతట తనే పడాలి. మధ్యలో ఆగిందంటే ఛాంబర్‌లో మసి ఉంది, లేదా ఆ తూటా కొలత దీనికి నప్పదు. ఒక్క పైసా ఖర్చు లేని ఈ పరీక్షను ప్రతి కొత్త పెట్టెకూ చేస్తాను.

ఖాళీ కేసు బయటపడటం లేదు

కేసు ఛాంబర్‌లోనే ఉండిపోతే మసి, లేదా ఉక్కు కేసు. ఇత్తడి పేలినప్పుడు ఉబ్బి ఛాంబర్‌ను మూసి, వెంటనే కుంచించుకుని వదులుతుంది. ఉక్కుకు ఆ గుణం తక్కువ, అందుకే మసి కూడా కేసు పక్కలనుంచి ఎక్కువగా వెనక్కి వస్తుంది. ఛాంబర్‌ను బ్రష్‌తో రుద్ది, ఇత్తడికి మారండి. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద పేరుకున్న మురికినీ గీకెయ్యండి.

కేసు బయటికి వచ్చి స్లయిడ్‌లో నిలువుగా చిక్కుకుంటే స్లయిడ్ పూర్తి దూరం వెనక్కి వెళ్లడం లేదు. మణికట్టు వదులుగా ఉన్నా ఇదే జరుగుతుంది. అందుకే గట్టి పట్టున్న ఇంకొకరి చేత ఓ మ్యాగజైన్ కాల్పించి చూడండి. వాళ్లకు రాకపోతే తూటా బాగానే ఉన్నట్టు. కొత్త పిస్టల్‌లో స్ప్రింగ్ బిగువు వల్ల కూడా వస్తుంది, 200 తూటాలు కాల్చాక సర్దుకోవచ్చు. 9×19లో 115 గ్రెయిన్లతో ఇబ్బందిగా ఉంటే 124 గ్రెయిన్లు ప్రయత్నించండి.

అంతేగాని, స్లయిడ్‌ను బలంగా తోస్తుందని మామూలుకంటే ఎక్కువ పీడనంతో చేసే ప్లస్ పీ తూటాలు కొనొద్దు. 9×19కు అమెరికా పరిశ్రమ ప్రమాణం పెట్టిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, ప్లస్ పీకి 38,500. ఆ పదోవంతు అదనపు దెబ్బను జింకు మిశ్రమంతో పోతపోసిన చవక పిస్టల్ స్లయిడ్ ఎన్నాళ్లు భరిస్తుంది? తయారీదారు పుస్తకంలో స్పష్టంగా అనుమతి ఉంటే తప్ప వేయకండి.

ఒక తూటా మిగతావాటికంటే పొట్టిగా కనిపిస్తోంది

రోజూ పిస్టల్ నింపి, ఖాళీ చేసి, మళ్లీ అదే తూటాను ఎక్కించేవాళ్లకు ఇది ఎదురవుతుంది. ప్రతిసారీ ర్యాంప్‌కు కొట్టుకుని బుల్లెట్ కేసులోకి కొద్దికొద్దిగా దిగబడుతుంది. లోపల చోటు తగ్గి, పేలినప్పుడు పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. పెట్టెలోంచి తీసిన కొత్త తూటా పక్కన నిలబెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. పొట్టిదాన్ని కాల్చకండి, పక్కన పెట్టేయండి.

లోపం తేలి, తూటా రకం కుదిరాక, ఆ రకాన్ని రెండు మ్యాగజైన్లలోంచీ చెరో 50 కాల్చండి. ఒక్కటి కూడా తడబడకపోతే పెట్టె మీది లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబర్ రాసుకుని, వీలైతే అదే లాట్‌లోవి మరికొన్ని కొనండి. లాట్ మారితే మందు, ప్రైమర్ మారి ఉండొచ్చు. కొత్త లాట్ పెట్టె తెరిచిన రోజు బ్యారెల్ విప్పి తూటా వదిలే పరీక్ష నుంచి మళ్లీ మొదలుపెట్టండి.