దొరకదు, దొరికితే ముక్కిపోతుంది: చెన్నైలో తెలుగు పుస్తకాల తిప్పలు

చెన్నైలో తెలుగు పుస్తకాలతో కాపురం చేసేవాళ్ల ఫిర్యాదులు మూడే రకాలు. కావలసింది దొరకదు, కొన్నది చదవం, దాచింది పాడవుతుంది. మనకు మొదట తట్టే కారణం మాత్రం సాధారణంగా తప్పుతుంది. దొరకకపోతే ఊరిని తిడతాం, చదవకపోతే తీరిక లేదంటాం, పాడైతే పురుగుల మీద పడతాం. పెరంబూరులో రెండు గదుల ఇంట్లో నాలుగు బీరువాల పుస్తకాలు మేపుతున్నవాణ్ని. ఈ మూడు తప్పులూ చేసినవాణ్నే కనక, ఒక్కో జబ్బుకూ అసలు వేరు ఎక్కడుందో నాకు తెలిసినంత రాస్తున్నాను.

"ఊరంతా తిరిగాను, ఆ పుస్తకం లేదంటున్నారు"

కొట్లో లేదంటే ఎక్కడా లేదని కాదు. తెలుగులో చాలా పుస్తకాలు వెయ్యి ప్రతులు వేస్తారు, 500తో సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అందులోనూ రచయితలు సొంత డబ్బుతో వేసుకునేవి బోలెడు. అవి కొట్ల దాకా రావు, రచయిత ఇంట్లో మంచం కింద ఉంటాయి. అక్కడికి దారి పుస్తకంలోనే అచ్చయి ఉంటుంది. లోపలి అట్ట దాటగానే వచ్చే పేజీలో "ప్రతులకు" అని రాసి కింద చిరునామా, ఫోన్ నంబరు ఇస్తారు. పుస్తకమే చేతిలో లేనప్పుడు ఆ పేజీ ఎక్కడిదంటారా? చదివిన స్నేహితుణ్ని ఫొటో తీసి పంపమనండి. లేదా అదే రచయిత మరో పుస్తకం తెరవండి.

ఒకసారి అలాగే ఒక నంబరుకు ఫోన్ చేశాను. రచయిత పోయి చాలా కాలమైందట, వాళ్లమ్మాయి ఎత్తింది. "ఒకటి చాలా బాబూ? ఇంకో నలభై ఉన్నాయి, ఇల్లు మారుతున్నాం" అంది. ఆరు తెప్పించుకుని పంచిపెట్టాను. పోస్టు ఖర్చుకు భయపడనక్కర్లేదు. 2025 మే నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ పేరుతో పుస్తకాలకు తక్కువ రేటు పెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. విమానం ఎక్కదు కనక కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ప్రతులు నిజంగానే అయిపోయి ఉంటే ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లండి. 1896లో తెరిచిన గ్రంథాలయం అది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ఏ భాషలో పుస్తకం అచ్చయినా ప్రచురణకర్త ఒక్కో ప్రతి పంపాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి. అంటే విజయవాడలో వేసిన కథల పుస్తకం చట్టప్రకారం ఎగ్మూరుకు రావాలి. పంపనివాళ్లూ ఉంటారనుకోండి, అయినా అడగకుండా వెనక్కి రాకండి.

అక్కడో ఇంకెక్కడో జాబితాలో వెతికితే కనబడకపోవడం ఇంకో రకం తిప్ప. పుస్తకం ఉంటుంది, పేరును ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చినవాళ్లు తలా ఒక రకంగా మార్చి ఉంటారు. "కథలు" అన్న చిన్న మాటకే ఒకరు టీ పక్కన హెచ్ పెడతారు, ఇంకొకరు డీ పక్కన. దీర్ఘానికి ఒక "ఏ"నా రెండా అన్నది ఎవరిష్టం వాళ్లది. అందుకే పుస్తకం పేరు పూర్తిగా కొట్టకండి. ఇంటిపేరు ఒక్కటే కొట్టి చూడండి, రాకపోతే అందులో ఒక అక్షరం మార్చండి. అల్మరాల దగ్గరికి వెళ్లనిస్తే అసలు జాబితాతో పనిలేదు. విషయాన్నిబట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో అమర్చిన ఏ గ్రంథాలయంలోనైనా తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది, నేరుగా వెళ్లి నిలబడండి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లకూ ఈ ఇంటిపేరు కిటుకు పనిచేస్తుంది. రచయిత పోయాక 60 ఏళ్లు నిండితే, ఆ మరుసటి జనవరి నుంచి ఆయన రాసినవి అందరివీ. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు కనక 2022 నుంచి ఆయన రచనలు దించుకోవడానికి మనసు పీకాల్సిన పనిలేదు. ఇంకా హక్కులున్నవాళ్ల పుస్తకాలు మాత్రం కొనుక్కోండి, వెయ్యి ప్రతుల రచయితకు ఒక్క ప్రతి కూడా లెక్కే.

పాత పుస్తకాల సంగతి వేరు. ఒకప్పుడు తెలుగు అచ్చుకు ఈ ఊరే పుట్టిల్లు. 1854లో మొదలైన వావిళ్లవారి సంస్థ ఇక్కడిదే, చందమామ 1947లో పుట్టిందీ ఇక్కడే. కనక పాత ఇళ్లు కూల్చినప్పుడల్లా తెలుగు పుస్తకాలు బయటపడతాయి. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక అక్కడి పాత పుస్తకాల వాళ్లు పక్కనే ఉన్న అల్లికుళం సముదాయంలోకి మారారు. అక్కడ "తెలుగు" అని కాదు, "తెలుంగు" అని అడగాలి. తెలుగు చదవడం రాని కొట్టువాళ్లు వాటిని కన్నడం, మలయాళంతో కలిపి ఒకే మూట కడతారు. మూట విప్పించి కూర్చునే ఓపిక ఉండాలి. పాత పేపర్ల కొట్లలోనైతే తూకానికి ఇస్తారు. అక్కడ బేరమాడడం నాకు సిగ్గు, మా ఆవిడకు కాదు.

జనవరిలో పొంగల్ రోజుల్లో జరిగే చెన్నై పుస్తక ప్రదర్శన 1977 నుంచీ ఉంది. తమిళం, ఇంగ్లీషులదే అక్కడ రాజ్యం, తెలుగు కోసమే వెళ్తే నిరాశ పడతారు. ఆ నెల మొదట్లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయవాడ పుస్తక మహోత్సవానికి పోయి రావడం మేలు. ఖాళీ సూట్‌కేసు తీసుకెళ్లండి.

"కొన్నవన్నీ అట్ట తెరవకుండా పడి ఉన్నాయి"

తీరిక లేక కాదు, ముందుమాట చూసి కొనడం వల్ల. మన పుస్తకాలకు ఇద్దరు ముగ్గురు పెద్దలు ముందుమాటలు రాస్తారు. పెళ్లిలో అక్షింతలు వేసినట్టు వాళ్లు అందరినీ దీవిస్తారు, దాన్నిబట్టి కొనకూడదు. మధ్యలో ఏదో పేజీ తెరిచి, నిలబడే రెండు పేజీలు చదవండి. మూడో పేజీకి మీ అంతట మీరే వెళ్తే కొనండి. అనువాదాలకు సంభాషణలున్న పేజీ చూడాలి. అందులో మనుషులు తెలుగులో మాట్లాడకపోతే వర్ణనలు ఎంత బాగున్నా ముందుకు సాగదు.

కథా సంపుటాలు కొనేముందు విషయసూచికను ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఉన్నదానితో పోల్చుకోండి. అవే కథలు "ఉత్తమ", "ఎంపిక చేసిన", "సమగ్ర" అన్న మూడు పేర్లతో మూడుసార్లు కొన్న ఘనత నాది.

కొత్త పుస్తకంలో కథ మధ్యలో తెగి ఇంకెక్కడో మొదలైతే రచయిత ప్రయోగం చేశాడనుకోకండి. బైండింగులో ఫారం, అంటే కలిపి మడిచిన పేజీల కట్ట, ఎగిరిపోయి ఉంటుంది. అచ్చు ఫారాల లెక్కన జరుగుతుంది, చాలా పుస్తకాలకు ఒక్కో ఫారం 16 పేజీలు. కొట్లోనే 16, 32, 48 దగ్గర పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో వేలితో తిప్పి చూస్తే అర నిమిషం పని. తేడా వస్తే ప్రచురణకర్తకు ఆ పేజీల ఫొటో పంపండి. నాకు తెలిసి మంచి ప్రతి ఇవ్వనన్నవాళ్లు లేరు.

"బీరువా తెరిస్తే ముక్కిన వాసన"

చెన్నైలో పుస్తకాలకు వచ్చే రోగాల్లో ముప్పావు వంతు ఇక్కడే మొదలవుతాయి, అందుకే దీని దగ్గర కాస్త ఆగాలి. సముద్రపు గాలిలో ఏడాది పొడుగునా తేమ ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే నిలిస్తే కాగితానికి బూజు పడుతుంది. ఇనుప బీరువాలో తలుపు బిగించి పుస్తకాలు కుక్కితే లోపలికి వెళ్లిన తేమ లోపలే ఉండిపోతుంది. మనం భద్రం అనుకునేది పుస్తకానికి ఆవిరి గిన్నె.

ముందు నాలుగైదు వందల రూపాయలు పెట్టి తేమ కొలిచే మీటరు ఒకటి కొని బీరువాలో వారం ఉంచండి. 65 కిందే ఉంటే ఏమీ చేయకండి. పైకి పోతుంటే ఇలా: బీరువాను గోడ నుంచి రెండంగుళాలు జరపండి, ముఖ్యంగా అవతల స్నానాల గది ఉన్న గోడ నుంచి. ప్రతి అరలో నాలుగు పుస్తకాలు తీసేసి మిగతావాటిని వదులుగా నిలబెట్టండి. పొడి రోజుల్లో తలుపులు తెరిచి ఫ్యాను వేయండి. బూట్ల పెట్టెల్లో వచ్చే చిన్న సిలికా జెల్ పొట్లాలు బీరువాకు ఏ మూలకూ చాలవు. ప్లాస్టిక్ కవర్లు తొడిగి ఉంటే విప్పేయండి, అవీ తేమను పట్టి ఉంచుతాయి.

బూజు పట్టిన పుస్తకాన్ని తడిగుడ్డతో తుడవడం పెద్ద పొరపాటు. మిగతావాటికి దూరంగా, గాలి తగిలే నీడలో ఆరబెట్టండి. పూర్తిగా పొడిగా అయ్యాక మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్షుతో దులపండి. మిట్టమధ్యాహ్నం మేడ మీద ఎండలో పెడితే బూజు చస్తుంది కానీ కాగితం పసుపెక్కుతుంది, బైండింగు గమ్ము పెళుసుబారి పగులుతుంది.

పుస్తకాలన్నీ దింపి దులపడానికి ఒక రోజు పెట్టుకోవాలంటే సరస్వతీ పూజను మించింది లేదు. సరిగ్గా వానలకు ముందు వస్తుంది. పెద్దవాళ్లు పూజకోసం పెట్టారో వానకోసం పెట్టారో గానీ, మా ఇంట్లో ఆ రోజు ప్రతి పుస్తకం ఒకసారి గాలి పీలుస్తుంది.

"పురుగు పట్టింది"

ఏ పురుగు? మందు దాన్నిబట్టే.

అట్ట మీద, అక్షరాల మీద ఎవరో గీకినట్టు పలచబడి ఉంటే సిల్వర్ ఫిష్. వెండి రంగులో, చేప ఆకారంలో ఉండి వెలుతురు పడగానే పరుగెడుతుంది. బైండింగుకు వాడిన మైదా జిగురు దానికి పండగ భోజనం. ఆవగింజకన్నా చిన్నవి తెల్లగా పాకుతుంటే అవి తినేది బూజును. వాటిని చంపి లాభం లేదు, పై విభాగానికి తిరిగి వెళ్లండి. సూది గుచ్చినట్టు గుండ్రటి కన్నం పేజీల గుండా సాగి, కింద పొడి రాలుతుంటే లోపల పెంకుపురుగు పిల్ల ఉంది. వెనక గోడ మీద మట్టి చారలుంటే చెదలు. అది పుస్తకాల సమస్య కాదు, ఇంటి సమస్య. ఆ రోజే పుస్తకాలు వేరే గదిలోకి మార్చి చెదలమందు వాళ్లను పిలవాలి.

సిల్వర్ ఫిష్‌కూ పెంకుపురుగుకూ ఇంట్లో చేయగల మంచి వైద్యం డీప్ ఫ్రీజరు. పుస్తకాన్ని జిప్ కవరులో పెట్టి గాలి నొక్కేసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. తీశాక కవరు విప్పకుండా ఒక రోజు బయట వదిలేయండి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. "ఏవండీ, ఐస్‌క్రీమ్ పక్కన ఈ వ్యాకరణం ఏమిటి?" అన్న ప్రశ్నకు మాత్రం మీరే జవాబు చెప్పుకోవాలి.

కలరా ఉండలు నేను మానేశాను. గాలాడే అరలో వాటి ఘాటు పురుగును చంపేంత ఉండదు, మన తలనొప్పికి సరిపడా ఉంటుంది. పుట్టుకతో వచ్చే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకు నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. తాళపత్రాలు దాచే చోట్ల వసకొమ్ము వాడతారు. మైలాపూరులో నాటుమందుల కొట్లలో "వసంబు" అంటే ఇస్తారు. గుడ్డలో మూటకట్టి అరకొకటి పెట్టుకుంటున్నాను. పురుగు రాకుండా ఉండడానికి సాయమే తప్ప, వచ్చిన పురుగును అది చంపదు.

"తడిసిపోయింది"

48 గంటలే గడువు, ఆ తరవాత బూజు మొదలవుతుంది. అంతలో ఆరబెట్టలేనన్ని ఉంటే ఫ్రీజర్లో పెట్టి తరవాత తీరిగ్గా ఆరబెట్టుకోమని ఏ నిపుణుడైనా చెబుతాడు. 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు మేం వేళచ్చేరిలో కింది వాటాలో ఉండేవాళ్లం. రోజుల తరబడి కరెంటే లేదు, ఇక ఫ్రీజరెక్కడ! అప్పుడు పనికొచ్చింది పాత దినపత్రికలు. ఇరవై ముప్ఫై పేజీలకొకటి పెట్టి, పుస్తకాన్ని విసనకర్రలా విప్పి నిలబెట్టి, తడిసిన పత్రికను రెండు గంటలకోసారి మార్చాం. బురదను తడిగా ఉండగా రుద్దితే కాగితంలోకి ఇంకుతుంది, ఎండాక దులపాలి. నున్నటి ఆర్టు పేపరు ఒకసారి అతుక్కుపోతే ఇక విడదు. బొమ్మల పుస్తకాలు అలాగే పోయాయి.

బిగించి పెట్టిన అరలో పుస్తకాలు ఉబ్బి, లాగినా రాలేదు. లాగకుండా అర చివరి పలక ఊడదీయాల్సింది, వెన్నులు చింపుకున్నాక తట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో మోకాలికి దిగువన పుస్తకం ఉండదు. కింది అరలో స్టీలు గిన్నెలున్నాయి.

చిన్నాచితకా

అర వంగుతోంది: పుస్తకాలు మనం అనుకున్నదానికన్నా ఎక్కువే తూగుతాయి. చెక్కపొట్టు పలక మూడడుగుల పొడవుకు ఆగదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయించి, రెండున్నర అడుగులకో ఆధారం ఇవ్వండి.

పేజీలు పసుపెక్కి విరుగుతున్నాయి: న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే కలప పదార్థం మిగిలి ఉంటుంది, దాని గుణమే అది. వెనక్కి తిప్పలేం. ఎండ తగలకుండా ఉంచి, మళ్లీ మళ్లీ చదవకుండా స్కాన్ చేసుకోండి.

అట్ట ఊడింది: సెల్లో టేపు వేయకండి, కొన్నేళ్లకు జిగురు కారి గోధుమరంగు మరక మిగులుతుంది. రబ్బరు బ్యాండూ వద్దు. నూలు నాడాతో కట్టి ఉంచండి.

ఇచ్చిన పుస్తకం తిరిగి రాదు: మర్చిపోవడమే కారణం, వాళ్లూ మనమూ. ఎవరైనా పట్టుకెళ్తుంటే గుమ్మంలో నిలబెట్టి పుస్తకంతో సహా ఫొటో తీస్తున్నాను. నెలకోసారి ఆ ఫొటోనే వాళ్లకు పంపుతాను, ఒక్క మాట రాయకుండా. మా బావమరిదికి 2019 నుంచి పంపుతున్నాను. మొన్న పైకెత్తిన బొటనవేలి బొమ్మ తిరిగొచ్చింది, పుస్తకం ఇంకా రాలేదు.