ఆన్‌కాల్ లేని శనివారం చూసుకుని ఇంట్లో బీరు చేసుకోవడం ఎలా

రోజంతా కోడ్ రాసేవాళ్ళకి హోమ్‌బ్రూయింగ్ బాగా కుదిరే హాబీ. నాలుగు వారాల పనిలో మన చేతులు పడేది మొత్తం కలిపి ఐదారు గంటలే, మిగతాదంతా చక్కెరని తిని ఆల్కహాల్, గ్యాస్ పుట్టించే ఈస్టే చూసుకుంటుంది. కాకపోతే ఆ ఐదారు గంటలు ఎప్పుడు పెట్టుకోవాలన్న దగ్గరే చాలామంది దెబ్బతింటారు. బ్రూ చేసే రోజు మన క్యాలెండర్ చూసి పెట్టుకోవచ్చు, సీసాల్లో నింపేది మాత్రం హైడ్రోమీటర్ (ద్రవం నీళ్ళకంటే ఎంత చిక్కగా ఉందో కొలిచే సాధనం) చెప్పిన రోజే. అన్నిటికంటే ముందు మీరుండే చోట ఇంట్లో బీరు చేసుకోడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి, కొన్నిచోట్ల అస్సలు కుదరదు.

మొదటిసారి 5 లీటర్లు చాలు. 10 లీటర్ల గిన్నె, 7 లేదా 8 లీటర్లు పట్టే మూతున్న ఫెర్మెంటర్ (బీరు పులిసే పాత్ర), దానికో ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి బయటి గాలిని రానివ్వనిది), హైడ్రోమీటర్, థర్మామీటర్, సన్న ట్యూబు. లేత రంగు డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ గింజల నుంచి తీసిన తీపి పొడి) 600 గ్రాములు, కాస్కేడ్ రకం హాప్స్ (బీరుకి చేదు, సువాసన ఇచ్చే ఎండిన పూలు) 20 గ్రాములు, ఏల్ ఈస్ట్ ఒక ప్యాకెట్. గింజల నుంచి మొదలుపెట్టే పద్ధతి ఇంకా బాగుంటుంది కానీ దానికి ఇంకో రెండు మూడు గంటలు పడుతుంది, అది తర్వాత నేర్చుకోవచ్చు.

ఇక బ్రూ డే. నాలుగు గంటలు ఎవరూ మిమ్మల్ని పిలవని రోజు చూసుకోండి. ఆన్‌కాల్ వారంలో, అంటే సిస్టమ్‌లో ఏం తేడా వచ్చినా మిమ్మల్నే పిలిచే వారంలో వద్దు, పెద్ద రిలీజ్ అయిన మర్నాడు కూడా వద్దు. లాప్‌టాప్ వేరే గదిలో పెట్టేయండి, ఎందుకంటే ఈ పని మొత్తంలో కళ్ళు పక్కకి తిప్పకూడని పది నిమిషాలు ఉంటాయి, సరిగ్గా అప్పుడే మెసేజ్ వస్తుంది. ఆరున్నర లీటర్ల నీళ్ళు వేడెక్కాక స్టవ్ ఆపేసి అప్పుడు మాల్ట్ పొడి వేయండి. ఆవిరి తగిలితే ఆ పొడి చెంచాకి, ప్యాకెట్ అంచుకి బంకలా అంటుకుపోతుంది, అందుకని ప్యాకెట్ ముందే పూర్తిగా కత్తిరించి ఒక్కసారిగా గుమ్మరించి గబగబా కలపాలి. ఈ తీపి ద్రవాన్నే వోర్ట్ అంటారు. మళ్ళీ మంట పెట్టాక కాసేపు ఏమీ ఉండదు, తర్వాత అంచుల దగ్గర గోధుమరంగు నురగ చేరుతుంది, మధ్యలో ఒకచోట ఉబ్బుతుంది, ఆ ఉబ్బు కనపడ్డాక పాలు పొంగినట్టు క్షణాల్లో పైకొచ్చేస్తుంది. మంట తగ్గించి కాసిని చన్నీళ్ళు చిలకరిస్తే దిగిపోతుంది. మూత మాత్రం పెట్టొద్దు.

పొంగు అణిగాక 10 గ్రాముల హాప్స్ వేసి గంటసేపు మరిగించండి, చేదు వచ్చేది దీనివల్లే. ఇంకో ఐదు నిమిషాల్లో దించుతామనగా మిగతా 10 గ్రాములు వేస్తే సువాసన నిలబడుతుంది, ముందే వేస్తే అది ఆవిరితో పోతుంది.

దించాక గిన్నెని ఐసు నీళ్ళ టబ్బులో పెట్టి 20 డిగ్రీలకి చల్లార్చండి. ఇక్కణ్ణుంచి వోర్ట్‌కి తగిలే ప్రతీదీ శానిటైజ్ అయ్యుండాలి: గరిట, ట్యూబు, మూత, మీ చేతులు. ముందు సబ్బు గానీ క్లీనర్ గానీ వేసి మురికి పోగొట్టండి, ఆ తర్వాత శానిటైజర్, మురికి మీద శానిటైజర్ పనిచేయదు. ఫెర్మెంటర్‌లో పోశాక 5 లీటర్లకి తక్కువైతే కాచి చల్లార్చిన నీళ్ళు కలిపి హైడ్రోమీటర్ రీడింగ్ తీయండి, సుమారు 1.044 రావాలి. బాగా కుదిపి, గాలి కలిశాక ఈస్ట్ చల్లండి. 11.5 గ్రాముల ప్యాకెట్ 20 లీటర్లకి సరిపోయేది కాబట్టి 3, 4 గ్రాములు చాలు.

తర్వాతి వారం మీ పని మీరు చేసుకోవచ్చు, కానీ మొదటి మూడు రోజులు మాత్రం టెంపరేచర్ చూడాలి. ఈస్ట్ పనిచేసేటప్పుడు దాని వేడి అదే పుట్టిస్తుంది, గది కంటే లోపల కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. 18 నుంచి 20 మధ్య ఉంచితే రుచి శుభ్రంగా వస్తుంది, బాగా పెరిగితే ఘాటుగా స్పిరిట్ వాసన కొడుతుంది. ఫెర్మెంటర్‌ని నీళ్ళ టబ్బులో పెట్టి, పొద్దున స్టాండప్ మీటింగ్‌కి ముందు ఒక ఐసు బాటిల్, రాత్రి పడుకునే ముందు ఇంకొకటి మార్చడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయి కదా అని పని అయిపోయిందనుకోవద్దు. నేను ఒకసారి తర్వాతి వారం రిలీజ్ ఉందని, మళ్ళీ టైం దొరకదేమోనని రీడింగ్ తీయకుండా ఎనిమిదో రోజే సీసాల్లో నింపేశాను. పది రోజులకి అలమరలో రెండు సీసాలు పేలాయి, గాజు ముక్క ఒకటి చెక్క తలుపులో దిగబడిపోయింది. అప్పుడు ఎవరూ అక్కడ లేరు కాబట్టి సరిపోయింది. మిగిలిపోయిన చక్కెరని ఈస్ట్ మూతేసిన సీసాలో తిన్నా గ్యాస్ పుట్టిస్తుంది, దానికి బయటికి దారుండదు. అందుకని 12వ రోజు ఒక రీడింగ్, 15వ రోజు ఇంకొకటి తీయండి, రెండూ ఒకటే అయ్యి 1.010 దగ్గర్లో ఉంటేనే నింపండి. తీసిన శాంపిల్ మళ్ళీ లోపల పోయొద్దు, రుచి చూడండి. ఆఫీసులో ఊపిరాడకపోతే ఇంకో వారం, రెండు వారాలు ఫెర్మెంటర్‌లోనే వదిలేయండి, మూత తీయనంతవరకు బీరుకి ఏమీ కాదు. ఆలస్యం వల్ల నష్టం లేదు, తొందర వల్లే ఉంది.

మొదటి రీడింగ్‌లోంచి చివరిది తీసేసి 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, ఇక్కడైతే దాదాపు 4.5. ఇవన్నీ తేదీలతో సహా రాసుకోండి, తర్వాతి బ్యాచ్‌లో ఒక్కటంటే ఒక్కటే మార్చండి, ఈస్టూ హాప్సూ రెండూ మారిస్తే తేడా దేనివల్లో తెలీదు. మనం డేటా పనుల్లో రెండు సగటుల మధ్య తేడా నిజమైనదో కాదో చూడ్డానికి వాడే టీ-టెస్ట్ కూడా ఇలాంటి చోటే పుట్టింది, గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం సీలీ గాసెట్ చిన్న శాంపిళ్ళతో ఎంతవరకు నమ్మకంగా చెప్పొచ్చో లెక్కకట్టి 1908లో 'స్టూడెంట్' అనే పేరుతో అచ్చువేశాడు.

బాట్లింగ్ ఏ సాయంత్రమైనా గంట పని. సీసాలో గ్యాస్ పట్టడానికి లీటరుకి 6 గ్రాముల లెక్కన చక్కెర కొంచెం నీళ్ళలో మరిగించి చల్లార్చి, శానిటైజ్ చేసిన ఇంకో పాత్రలో ముందు అది పోసి, బీరుని ట్యూబుతో చప్పుడు కాకుండా దాని మీదకి దించండి. ఇప్పుడు గాలి కలిస్తే తడిసిన అట్టముక్క రుచి వస్తుంది. ప్రెషర్ తట్టుకునే బీరు సీసాలే వాడండి, ఒక్కటి మాత్రం సోడా వచ్చే ప్లాస్టిక్ బాటిల్‌లో నింపండి, అది నొక్కితే రాయిలా గట్టిగా తగిలితే మిగతావాటిలోనూ గ్యాస్ పట్టినట్టే. రెండు వారాలు మామూలు గదిలో చీకట్లో ఉంచి, ఒక రోజు ఫ్రిజ్‌లో నిలబెట్టి, గ్లాసు వంచి మెల్లగా ఒక్క ధారగా పోయండి, అడుగున తెల్లగా పేరుకున్న ఈస్ట్ కదలడం కనపడగానే ఆపేయండి.